తక్కువ చూపించే యంత్రం

2022 నవంబరు 3న మునుగోడు ఉప ఎన్నికలో చౌటుప్పల్ ఓటరు ముందు బల్ల మీద మూడు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. బరిలో ఉన్నది 47 మంది. ఒక్కో యూనిట్‌కు 16 బటన్లు. మూడు పదహార్లు నలభై ఎనిమిది. అభ్యర్థులకు 47, నోటాకు ఒకటి పోగా ఒక్క బటన్ కూడా మిగల్లేదు. ఆ రోజు నియోజకవర్గంలో దాదాపు 93 శాతం మంది ఓటేశారు. కొత్తగా ఓటు హక్కొచ్చిన కాలేజీ పిల్లల నుంచి అక్షరం ముక్క రాని అవ్వల దాకా అందరూ వాడిన ఎలక్ట్రానిక్ పరికరం అది. గోడకు ప్లగ్ పెట్టే పని లేకుండా బ్యాటరీ మీదే నడిచింది.

ఈ యంత్రం పుట్టుక మనకు దగ్గర్లోనే జరిగింది. 1977లో ఎస్.ఎల్. శక్ధర్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు ఓటింగ్ యంత్రం ఆలోచన మొదలైంది. తయారీ బాధ్యత హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌కు అప్పగించారు. 1967లో ఎ.ఎస్. రావు నాయకత్వంలో అణుశక్తి శాఖ కింద మొదలైన సంస్థ అది. 1979కి నమూనా తయారైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీల ముందు దాన్ని నడిపి చూపించారు. తర్వాత బెంగళూరు బీఈఎల్ కూడా తయారీలో చేరింది. 1982 మే 19న కేరళలోని పరవూరులో 50 కేంద్రాల్లో తొలిసారి వాడారు. అక్కడ శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిస్తే, ఓడిన ఎ.సి. జోస్ కోర్టుకెక్కారు. యంత్రానికి చట్టంలో చోటు లేదని సుప్రీంకోర్టు 1984లో తేల్చి, ఆ 50 కేంద్రాల్లో కాగితంతో మళ్లీ పోలింగ్ పెట్టించింది. ఈసారి జోస్ గెలిచారు. 1988లో చట్టం మారింది. దేశమంతా లోక్‌సభకు యంత్రంతోనే ఓటేసింది 2004లో.

చరిత్ర కంటే నన్ను ఎక్కువగా పట్టేసేది ఇంజనీర్లు ఎదుర్కొన్న చిక్కు. పోలింగ్ జరిగేది ఊరి బడిలో. కరెంటు ఉంటుందో పోతుందో తెలియదు, కాబట్టి బ్యాటరీ తప్పదు. బ్యాటరీ పరికరాల్లో చార్జిని ఎక్కువగా తినేది తరచుగా లెక్క చేసే చిప్ కాదు, మనిషికి చూపించే భాగం. సెల్‌ఫోన్ వాడే వాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే, తెర వెలుగు తగ్గిస్తే చార్జింగ్ ఎక్కువసేపు వస్తుంది. మరి ఇన్ని పేర్లు, గుర్తులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఓటరుకు కనిపించాలంటే ఎలా?

వాళ్లు పట్టుకున్న దారి, కాగితం. పేర్లు, గుర్తులు అచ్చు వేసిన బ్యాలెట్ కాగితాన్ని పారదర్శకమైన రేకు కింద బిగించారు. 47 పేర్లు కనబడ్డా, 16 కనబడ్డా బ్యాటరీకి పడే భారం సున్నా. బటన్ పక్కనే బ్రెయిలీలో అంకె ఉంటుంది, దానికీ కరెంటు అక్కర్లేదు. విద్యుత్తు ఖర్చయ్యేది మనిషికి కబురు అందాల్సిన క్షణంలోనే.

దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. పోలింగ్ అధికారి కంట్రోల్ యూనిట్ మీద ‘బ్యాలెట్’ బటన్ నొక్కుతాడు. అతని వైపు ‘బిజీ’ అనే ఎర్ర దీపం, ఓటరు వైపు ‘రెడీ’ అనే పచ్చ దీపం వెలుగుతాయి. ఓటరు నీలం బటన్ నొక్కగానే ఆ పేరు పక్కన చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది, పొడుగ్గా బీప్ మోగుతుంది, బిజీ దీపం ఆరిపోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా యంత్రం పలకదు, అధికారి మళ్లీ ‘బ్యాలెట్’ నొక్కాల్సిందే. చూపు ఆనని వాళ్లకు శబ్దం, చెవి వినబడని వాళ్లకు దీపం. ఆ బీప్ గదిలో ఉన్న ఏజెంట్లకు కూడా ఓటు పడిందన్న కబురే. ఇలాంటి చిన్న దీపానికి కావాల్సింది కొన్ని మిల్లీఆంపియర్ల కరెంటు, అదీ కాసేపే. బ్యాటరీ మధ్యలో అయిపోయినా పడిన ఓట్లు పోవు, విద్యుత్తు లేకపోయినా నిలిచే మెమరీలో ఉంటాయి.

కాగితానికీ ఇబ్బందులు లేకపోలేదు. చిన్నగా, నలుపు గీతల్లో అచ్చయిన రోడ్డు రోలరు గుర్తు మసక చూపుకు తమ కారు గుర్తులా కనిపిస్తుందని మునుగోడులో టీఆర్ఎస్ కోర్టుకు వెళ్లింది. అక్కడ ఊరట దొరకలేదు. ఒక అభ్యర్థికి ఆ గుర్తు మార్చేస్తే ఎన్నికల సంఘం తిరిగి ఇప్పించింది. ఇలాంటి తగాదా ఏ చిప్పూ తీర్చలేనిది.

ఇక సంఖ్యల సంగతి. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినిపించాలని 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీలో నిలిచారు. అప్పుడు ఓటు కాగితం మీదే. 2019లో నిజామాబాద్ రైతులు అదే బాట పట్టారు. 185 మంది బరిలో ఉంటే ఒక్కో కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు జత చేశారు. పాత తరం యంత్రానికి నాలుగే జతపడేవి, ఇప్పటి ఎం3కి 24 పడతాయి. అంటే 384 బటన్లు. నల్లగొండ 480 మంది ఈ రోజు మళ్లీ నిలబడినా యంత్రంలో పట్టరు.

సుప్రీంకోర్టు 2013 తీర్పు తర్వాత, పడిన ఓటును చీటీ మీద అచ్చువేసి చూపించే వీవీప్యాట్ దశలవారీగా అన్నిచోట్లా వచ్చి చేరింది. అద్దం వెనక ఏడు సెకన్లపాటు చీటీ కనిపించి పెట్టెలో పడుతుంది. ఆ ఏడు సెకన్ల ధర ఎంతో బ్యాటరీని చూస్తే తెలుస్తుంది. కంట్రోల్ యూనిట్‌కు 7.5 వోల్టుల ప్యాక్ చాలు. వీవీప్యాట్‌కు 22.5 వోల్టులది విడిగా పెట్టాలి, ఎందుకంటే థర్మల్ ప్రింటర్ కాగితాన్ని వేడి చేసి అక్షరం తేలుస్తుంది, వేడికి దీపం కంటే ఎన్నో రెట్ల శక్తి కావాలి. ఓటును గుర్తుపెట్టుకోవడం చవక, గుర్తుపెట్టుకున్నానని ఓటరును నమ్మించడం ఖరీదు. అయినా ఆ ఖర్చు పెట్టాల్సిందే అంటాను.

2024 హర్యానా ఓట్ల లెక్కింపులో గొడవ రేపింది మాత్రం కంట్రోల్ యూనిట్ తెర మీది అంకె. దినమంతా పోలింగ్ జరిగిన కొన్ని యంత్రాల్లో బ్యాటరీ 99 శాతం అని కనిపించిందని కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది. ప్యాక్ 7.4 వోల్టులకు పైన ఉన్నంతసేపూ తెర మీద 99 అనే వస్తుందని, అక్కడి నుంచి దిగితేనే అసలు శాతం కనిపిస్తుందని, 5.8కి వచ్చేసరికి మార్చమని హెచ్చరిస్తుందని ఎన్నికల సంఘం వివరణ. యంత్రం కొలిచేది వోల్టేజీని, రాసేది శాతాన్ని. ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ సెల్‌లో ఈ రెండూ జోడుగా నడవవు. లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్న ఏజెంటుకు అది తెలియాలని ఆశించడం న్యాయం కాదు. ఆ అంకె అక్కడ ఉండకూడదని నా పట్టు. ‘బ్యాటరీ చాలు’, ‘బ్యాటరీ మార్చండి’ అనే రెండు మాటలు సరిపోతాయి. అసలు వోల్టేజీ కావాలనుకున్న ఇంజనీరు మీటరు పెట్టి చూసుకోవచ్చు.