ఒక గవర్నరు సంతకం

మేడే అనగానే చికాగో నగరం జ్ఞప్తికి వస్తుంది. 1923లో మద్రాసులో సింగారవేలు మన దేశాన తొలి మేడే జరిపిన నాటినుండి, ఎనిమిది గంటల పనిదినం కోసం చికాగో కార్మికులు సాగించిన పోరాటాన్ని గూర్చి, ఉరికంబమెక్కిన నలుగురు నాయకులను గూర్చి మనవారు వింటూనే ఉన్నారు. కాని ఆ కథ ఉరికంబంతో ముగియలేదు. ఆ తీర్పు అన్యాయమని అనంతర కాలంలో ప్రభుత్వ పక్షాన లిఖితపూర్వకంగా ప్రకటించి, అందుకు తన రాజకీయ జీవితాన్నే మూల్యంగా చెల్లించిన వ్యక్తి ఒకడున్నాడు. ఆయన ఇల్లినాయ్ రాష్ట్ర గవర్నరు జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్.

గవర్నరు అన్న మాటను ఇక్కడ కొంత వివరించాలి. మన రాష్ట్రాలలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తాడు. అమెరికాలో గవర్నరు ప్రజల ఓట్లతో ఎన్నికైన పాలకుడు. మన ముఖ్యమంత్రికి దీటైనవాడు. రాష్ట్ర న్యాయస్థానాలు విధించిన శిక్షలను క్షమించే అధికారాన్ని ఇల్లినాయ్ రాజ్యాంగం ఆయన చేతిలో ఉంచింది. కాని ఆ అధికారాన్ని వినియోగించిన పిమ్మట ఆయన తిరిగి ఓటర్ల ముందుకే పోవలసి ఉంటుంది. ఆల్ట్‌గెల్డ్ చరిత్రకు ఈ విషయమే కీలకం.

ఆల్ట్‌గెల్డ్ 1847లో జర్మనీలో జన్మించాడు. శిశువుగా ఉండగానే తల్లిదండ్రులు ఆయనను అమెరికాకు తీసుకొనిపోయారు. తండ్రి ఒహాయో రాష్ట్రంలో వ్యవసాయం చేసుకొనే పేదవాడు. చదువు అంతంతమాత్రమే అయింది. పదహారవ యేట అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరాడు. అక్కడ సోకిన జ్వరం ఆయన ఆరోగ్యాన్ని జీవితాంతం పీడించింది. యుద్ధానంతరం కొంతకాలం బడిపంతులుగా పని చేశాడు. పడమటి ప్రాంతాలకు పోయి రైలుమార్గాల నిర్మాణంలో కూలిపని చేశాడు. మిస్సోరీ రాష్ట్రంలో న్యాయశాస్త్రం అభ్యసించి, 1874లో ఒక కౌంటీకి ప్రభుత్వ న్యాయవాదిగా ఎన్నికైనాడు. మరుసటి యేడు చికాగో చేరాడు. అక్కడ స్థలాల క్రయవిక్రయాలలోను, భవన నిర్మాణంలోను గొప్ప ఐశ్వర్యం గడించాడు.

ధనికుడైనా ఆయన దృష్టి దీనులమీదనే ఉండేది. నేరశిక్షా విధానాన్ని విమర్శిస్తూ 1884లో ఒక పుస్తకం ప్రకటించాడు. మన జైళ్ళు నేరస్థులను సంస్కరించడానికి బదులు తయారుచేస్తున్నవనీ, పేదరికమే అనేకులను అక్కడికి ఈడ్చుకొని పోతున్నదనీ అందులో వాదించాడు. 1886లో న్యాయమూర్తిగా ఎన్నికైనాడు. 1892లో డెమొక్రాటిక్ పక్షాన గవర్నరు పదవికి నిలిచి గెలిచాడు. అంతర్యుద్ధానంతరం ఆ రాష్ట్రంలో ఆ పక్షానికి గవర్నరు పదవి దక్కడం అదే ప్రథమం.

ఆయన పదవి స్వీకరించే నాటికి ముగ్గురు ఖైదీలు జోలియట్ జైలులో మగ్గుతున్నారు. వారి వృత్తాంతం ఇది. 1886 మే 3వ తేదీన చికాగోలో ఒక కర్మాగారం వద్ద కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. దానికి నిరసనగా మరునాటి రాత్రి హేమార్కెట్ కూడలిలో సభ జరిగింది. నగర మేయరు స్వయంగా వచ్చి చూచి, సభ శాంతియుతంగానే ఉన్నదని పోలీసు అధికారికి చెప్పి ఇంటికి పోయాడు. సభ ముగిసే వేళకు పోలీసు దళం వచ్చి జనాన్ని చెదరిపొమ్మన్నది. అప్పుడు ఎవరో బాంబు విసిరారు. ఆ సంఘటనలో ఏడుగురు పోలీసులు మరణించారు. బాంబు విసిరినవాడెవడో నేటికీ తేలలేదు. అయినప్పటికీ ఎనిమిదిమంది నాయకులను విచారించి, వారి ప్రసంగాలు, రచనలు ఆ హత్యలకు ప్రేరణ అయినవని నేరస్థులుగా నిర్ణయించారు. నలుగురిని 1887 నవంబరు 11న ఉరితీశారు. ఒకడు ముందునాడే చెరసాలలో ప్రాణం తీసుకున్నాడు. ఫీల్డెన్, ష్వాబ్ అనేవారి మరణశిక్షను నాటి గవర్నరు యావజ్జీవ శిక్షగా మార్చాడు. నీబ్ అనేవానికి మొదటనే పదిహేనేండ్ల ఖైదు విధించారు.

మిగిలిన ఈ ముగ్గురిని విడుదల చేయవలసినదని వేలాదిమంది ఆల్ట్‌గెల్డ్‌కు విజ్ఞప్తి చేశారు. వారిలో బ్యాంకుల యజమానులు, వర్తకులు, న్యాయవాదులు కూడ ఉన్నారు. వారిలో చాలమంది కోరినది దయ. ఖైదీలు దోషులే అయినా తగినంత శిక్ష అనుభవించారు కనుక ఇక విడిచిపెట్టవచ్చునని వారి అభిప్రాయం. ఆ మాటనే ఆధారం చేసుకొని గవర్నరు నాలుగు వాక్యాలు వ్రాసి సంతకం చేసి ఉంటే కొందరు గొణిగి ఊరుకొనేవారు. మరికొందరు ఆయన ఔదార్యాన్ని పొగడేవారు.

ఆల్ట్‌గెల్డ్ ఆ సులభమార్గం తొక్కలేదు. విచారణ న్యాయంగా జరిగి వీరు దోషులని తేలి ఉంటే విడుదల చేయడానికి తనకు కారణం కనబడదనీ, విచారణే అన్యాయమైతే దయ అన్న ప్రశ్నే రాదనీ ఆయన తలచాడు. కేసు కాగితాలన్నీ చదివాడు. 1893 జూన్ 26వ తేదీన ముగ్గురిని విడుదల చేస్తూ, అందుకు కారణాలను ఒక చిన్న పుస్తకమంత ప్రకటనలో వివరించాడు. జ్యూరీని కావాలని శిక్ష విధించేవారితోనే నింపారని, ముందే అభిప్రాయం ఏర్పరచుకొన్నామని ఒప్పుకొన్నవారిని సైతం అందులో కూర్చుండబెట్టారని ఆయన చూపాడు. బాంబు విసిరినవాడే తెలియనప్పుడు, వానిని వీరు ప్రేరేపించారనడానికి రుజువు ఎక్కడిదని అడిగాడు. నీబ్‌పై సాక్ష్యమే లేదన్నాడు. న్యాయాధిపతి గేరీ పక్షపాతంతో విచారణ నడిపాడని స్పష్టంగా వ్రాశాడు.

ఆనాటి దృశ్యాన్ని బ్రాండ్ విట్‌లాక్ అనే రచయిత తన స్వీయచరిత్రలో వర్ణించాడు. అప్పటికి ఆయన స్ప్రింగ్‌ఫీల్డులో ప్రభుత్వ కార్యాలయంలో యువ ఉద్యోగి. ఆ విడుదల పత్రాలను సిద్ధపరచినది ఆయనే. ఆ ఎనిమిదిమందిపై నేరారోపణ చేసిన గ్రాండ్ జ్యూరీకి నాడు అధ్యక్షుడుగా ఉన్న బ్యాంకరు డ్రయర్ ఇప్పుడు వారి విడుదల కోసం పాటుపడి, ఆ పత్రాలను జైలుకు కొనిపోవడానికి వచ్చి ఉన్నాడు. గవర్నరు సంతకాలు చేసి అందించగా డ్రయర్ ఏదో చెప్పబోయి కంటతడి పెట్టుకున్నాడు. ఆల్ట్‌గెల్డ్ గడియారం చూచుకొని, రైలుకు వేళ మించిపోతున్నదని మాత్రం జ్ఞాపకం చేశాడు.

మరునాటినుండి పత్రికలు ఆయనపై విరుచుకొనిపడినవి. అరాచకవాది అన్నారు. విదేశీయుడన్నారు. దిష్టిబొమ్మలు తగులబెట్టారు. ఖైదీల విడుదలను సహించగలిగినవారు కూడ న్యాయస్థానంపై చేసిన విమర్శను సహించలేకపోయారు. న్యాయాధిపతిని తప్పుపట్టడమంటే న్యాయాన్నే ధిక్కరించడమని వారి వాదం. న్యాయాధిపతి తప్పు చేసినప్పుడు మౌనం వహించడమే న్యాయానికి ద్రోహమని ఆల్ట్‌గెల్డ్ నమ్మకం. తానూ న్యాయమూర్తిగా ఉండి వచ్చినవాడు కనుక ఆ నమ్మకానికి బలం ఉన్నది.

ఆయన పాలన ఈ ఒక్క సంతకంతో ముగియలేదు. 1893లోనే పదునాలుగేండ్లలోపు పిల్లలను కర్మాగారాలలో నియోగించరాదనీ, స్త్రీలచేత రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదనీ చట్టం వచ్చింది. దాని అమలుకు ఫ్లోరెన్స్ కెల్లీ అనే విదుషీమణిని కర్మాగారాల ప్రధాన తనిఖీ అధికారిణిగా నియమించాడు. ఎనిమిది గంటల నిబంధనను రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1895లో కొట్టివేసినా, బాలకార్మికులను గూర్చిన నిబంధన నిలిచింది. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి ఆయన నిధులు ఉదారంగా సమకూర్చాడు. అక్కడ ఒక భవనం నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది.

1894లో మరొక పరీక్ష ఎదురైంది. రైలుపెట్టెలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీ జీతాలు తగ్గించి, కార్మికులు కాపురముండే తన ఇండ్ల అద్దెలను మాత్రం తగ్గించలేదు. సమ్మె దేశమంతటా రైళ్ళను స్తంభింపజేసింది. అధ్యక్షుడు క్లీవ్‌లండ్ గవర్నరును సంప్రదించకుండానే చికాగోకు కేంద్ర సైన్యాన్ని పంపాడు. ఇద్దరూ ఒకే పక్షంవారు. అయినప్పటికీ ఆల్ట్‌గెల్డ్ తంతి ద్వారా తీవ్రంగా నిరసించాడు. రాష్ట్ర దళాలు సిద్ధంగా ఉండగా, రాష్ట్రం కోరకుండా సైన్యం పంపడం రాజ్యాంగ విరుద్ధమని వాదించాడు. అల్లర్లు చెలరేగి మేయరు కోరినప్పుడు తానే రాష్ట్ర దళాలను పంపాడు. అరాచకవాది చేసే పని కాదు అది.

1896లో చికాగోలో జరిగిన డెమొక్రాటిక్ మహాసభలో ఆల్ట్‌గెల్డ్ ప్రభావం ప్రబలంగా కనిపించింది. క్లీవ్‌లండ్ విధానాలను ఆ సభ తోసిపుచ్చింది. అయితే విదేశంలో పుట్టినవాడు అధ్యక్ష పదవికి అనర్హుడు. ఆ యేడే గవర్నరు పదవికి తిరిగి పోటీచేసి ఓడిపోయాడు. 1899లో చికాగో మేయరు పదవికి నిలిచి మళ్ళీ ఓడినాడు. ఎంతో మక్కువతో కట్టించిన పదహారంతస్తుల భవనం కూడ చేజారిపోయింది. చివరికి ప్రసిద్ధ న్యాయవాది క్లారెన్స్ డారో వద్ద చేరి వకీలు వృత్తి సాగించాడు. 1902 మార్చిలో దక్షిణాఫ్రికాలోని బోయర్ల పక్షాన ఒక సభలో ప్రసంగించి కుప్పకూలి, మరునాడే కన్నుమూశాడు. ఆ సభ జరిగినది జోలియట్‌లో. తాను ముగ్గురిని విడిపించిన జైలు ఉన్న ఊరు అదే.

గవర్నరు నివాసం పక్క ఇంట్లో 1893లో పదమూడేండ్ల బాలుడొకడు పెరుగుతున్నాడు. అతడే తరువాత కవియైన వాచెల్ లిండ్సే. పెద్దవాడైన పిదప అతడు ఆల్ట్‌గెల్డ్‌ను విస్మృతమైన గరుడపక్షిగా భావించి ఒక కవిత వ్రాశాడు. పొరుగింటి మనిషిని ఊరంతా తిట్టగా విన్న బాలుడు, ఊరు మరచిన పిమ్మట ఆయనను జ్ఞాపకం పెట్టుకొన్నాడు. చరిత్ర పాఠంలో ఎన్నికల జయాపజయాలకు లెక్కలున్నవి. ఓడిపోతానని తెలిసి పెట్టిన సంతకానికి లెక్క లేదు. దానిని విద్యార్థులకు ఉపాధ్యాయుడే విడమరచి చెప్పాలి.