చేతులు మారితే చాలదు.. పేరూ మారాలి!

విజయవాడ: ఏళ్ల తరబడి నమ్మకంగా తిరిగిన కారు మొరాయించడం మొదలైతే మధ్యతరగతి దంపతుల చూపు ముందుగా సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌ మీదే పడుతుంది. ధర, రంగు, మైలేజీల గురించి భార్యాభర్తలు రోజుల తరబడి చర్చించుకుంటారు. పత్రాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘బ్రోకరు చూసుకుంటాడులే’ అని వదిలేస్తారు. చిక్కులు అక్కడే మొదలవుతాయి. పాతది ఇచ్చి మరొకటి తెచ్చుకునే కుటుంబం ఏకకాలంలో అమ్మకందారు, కొనుగోలుదారు కూడా. చట్టం రెండు విధాలా బాధ్యతలను నిర్దేశించింది.

అమ్మినా తప్పని బాధ్యత

మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం ఎవరి పేరిట రిజిస్ట్రేషన్ ఉంటే వారే యజమాని. 2007లో అమ్మిన ఒక కారు పేరు మారకుండానే పలువురి చేతుల్లోకి వెళ్లి 2009లో ప్రమాదానికి గురైంది. పరిహారం చెల్లించవలసింది రికార్డుల్లో ఉన్న మొదటి యజమానేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి, సొమ్ము అందుకుని ఇంటికి వెళ్లిపోయేవారికి ఇది పెద్ద హెచ్చరిక.

రాష్ట్రం లోపల జరిగిన అమ్మకాన్ని 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయవలసిన బాధ్యత అమ్మినవారిది. 30 రోజుల్లోగా పేరు మార్పునకు దరఖాస్తు చేయవలసింది కొన్నవారు. ఇందుకు ఫారం-29, ఫారం-30 అవసరం. పాత కారును డీలరుకు అప్పగించే పక్షంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు రక్షణ కల్పిస్తున్నాయి. రవాణా శాఖ అనుమతి పత్రం పొందిన డీలరుకు వాహనం అప్పగించి, ఫారం-29సి ద్వారా ఆ సమాచారం నమోదు చేయిస్తే తదుపరి బాధ్యత డీలరుదే అవుతుంది. అందువల్ల డీలరుకు అనుమతి ఉన్నదీ లేనిదీ ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

కొనేముందు పరిశీలించవలసినవి

* ఆర్సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కారుపై ఉన్నవాటితో సరిపోవాలి. రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు ‘ఎంపరివాహన్’ యాప్‌లో చూసుకోవచ్చు. పెండింగ్ చలానాలు అమ్మేవారే చెల్లించేలా మాట్లాడుకోవాలి.

* సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. పన్నెండు, పదమూడేళ్ల కారు చౌకగా వచ్చిందని సంబరపడేముందు ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోవాలి.

* ఆర్సీపై హైపోథికేషన్ ఉంటే అప్పు తీరినట్లు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం-35 తీసుకోనిదే పూర్తి సొమ్ము ఇవ్వరాదు.

* హైదరాబాద్ కారును ఇక్కడ కొంటే అది పొరుగు రాష్ట్ర వాహనమే. అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ తేవడంతోపాటు ఇక్కడి జీవితకాల పన్ను సంగతి కూడా ముందే తేల్చుకోవాలి.

* మీటరులోని కిలోమీటర్లను సర్వీసు బిల్లులతో పోల్చి చూడాలి. బిల్లులే లేవంటే అనుమానించవలసిందే.

* ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నీలిరంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్లు గుర్తు. టైరుపై ఉండే నాలుగంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 3521 అంటే 2021లో 35వ వారం.

వరద కారుతో జాగ్రత్త

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో, 2020 అక్టోబరు వర్షాలకు హైదరాబాద్‌లో అనేక వాహనాలు నీట మునిగాయి. అటువంటి కారు పైకి మెరుస్తున్నా వైరింగ్, సెన్సర్లు కొన్నాళ్లకు మొరాయించవచ్చు. సీటుబెల్టును చివరి వరకు లాగి బురద చారలున్నాయేమో చూడాలి. కాలికింది మ్యాట్ ఎత్తి తడి వాసనను, సీటు బోల్టుల వద్ద తుప్పును గమనించాలి. నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లడం ఉత్తమం.

బీమా ఎవరి పేరిట?

కొన్న కారుపై పాత పాలసీ ఉంది కదా అని ఊరుకోరాదు. 14 రోజుల్లోగా బీమాను తమ పేరిట మార్పించుకోకపోతే సొంత కారుకు జరిగిన నష్టానికి క్లెయిము తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. క్లెయిములు లేనందుకు లభించే ‘నో క్లెయిమ్ బోనస్’ కారుది కాదు, పాలసీదారుది. వరుసగా అయిదేళ్లు క్లెయిము చేయనివారికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు రాయితీ వస్తుంది. పాత కారు అమ్మేటప్పుడు బీమా సంస్థ నుంచి ఆ మేరకు లేఖ తీసుకుంటే తర్వాతి కారుకు వాడుకోవచ్చు.

దంపతులు తప్పక ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. యజమాని-డ్రైవర్‌కు వర్తించే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్సీలో పేరుండి, చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవారికే దక్కుతుంది. లైసెన్సు లేని భార్య పేరిట కారు కొని భర్త నడిపితే ఆ రక్షణ ఇద్దరిలో ఎవరికీ ఉండదు. కనుక కారు ఎవరి పేరిట అన్నది సెంటిమెంటును బట్టి కాక, ఎక్కువగా నడిపేదెవరన్న దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. బేరం కుదిరాక కొంత సొమ్ము నిలిపి ఉంచి, పేరు మార్పు పూర్తయ్యాక చెల్లించేలా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటే తర్వాత కార్యాలయాల చుట్టూ తిరగవలసిన అవస్థ తగ్గుతుంది.