మోనాలిసా దర్శనం... క్యూ బాధ లేకుండా!

అందాన్ని చూడ్డానికి వెళ్లి అరపూట ఎండలో నిలబడాల్సి వస్తే? పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంకి వెళ్లే చాలామందికి ఎదురయ్యే అనుభవమే ఇది. కానీ అక్కడి క్యూలకీ ఓ లెక్కుంది. ఏ రోజు, ఏ వేళకు, ఏ ద్వారం నుంచి వెళ్లాలో తెలిస్తే చాలు... చాంతాడంత వరుసతో పెద్దగా పనిలేకుండానే లోపల అడుగుపెట్టొచ్చు.

పొడవు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53 సెంటీమీటర్లు. మోనాలిసా బొమ్మ అంతే ఉంటుంది. ఐదొందల ఏళ్ల కిందట లియొనార్డో డావిన్సీ చెక్క పలక మీద గీసిన ఆ చిన్న చిత్రాన్ని చూడ్డానికి రోజూ దాదాపు ఇరవై వేలమంది వస్తారు. ముందు మ్యూజియం బయట క్యూ, ఆ తర్వాత లోపల క్యూ. అన్నీ దాటుకుని తీరా చిత్రం ముందుకి వెళ్లాక దక్కేది కొద్ది క్షణాలే. తిరుమలలో మహాలఘు దర్శనం చేసుకున్నవాళ్లకి ఆ పరిస్థితి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు పైకి లేచి ఉంటాయి. ముందున్నవాళ్ల ఫోన్ తెరల మీదే మోనాలిసాను చూసి వచ్చేసేవాళ్లూ ఉంటారు.

మన దగ్గర్నుంచి యూరప్ టూర్‌కి వెళ్లే కుటుంబానికి పారిస్‌లో దొరికేది మహా అయితే రెండు మూడు రోజులు. అందులో అరపూట వరుసలోనే గడిచిపోతే ఎంత నష్టం! డబ్బు సంగతీ తక్కువేం కాదు. 2026 జనవరి నుంచి ఐరోపా ఆర్థిక ప్రాంతానికి బయటి దేశాలవాళ్లకి లూవ్ర్ టికెట్ ధర 22 యూరోల నుంచి 32 యూరోలకు పెరిగింది. అంటే మనిషికి మూడువేల రూపాయల పైమాటే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు మాత్రం ఏ దేశంవారైనా ఉచితమే.

ఖాళీ గోడకీ క్యూ కట్టారు!

లూవ్ర్ మొదట్లో మ్యూజియం కాదు. పన్నెండో శతాబ్దం చివర్లో ఫిలిప్ అగస్టస్ రాజు పారిస్ రక్షణ కోసం కట్టించిన కోట. తర్వాత రాజభవనమైంది. ఫ్రెంచి విప్లవం పుణ్యమా అని 1793 ఆగస్టు 10న దాని తలుపులు మ్యూజియంగా సామాన్యులకు తెరుచుకున్నాయి.

మోనాలిసాకి ఇంత పేరు రావడానికి ఓ దొంగా కారణమే. 1911 ఆగస్టు 21న మ్యూజియంకి సెలవు. అంతకుముందు అక్కడ పనిచేసిన విన్‌చెంజో పెరూజియా అనే ఇటలీ దేశస్థుడు ఆ రోజు చిత్రాన్ని గోడ మీంచి తీసి పట్టుకుపోయాడు. మర్నాటి వరకూ ఆ సంగతి ఎవరూ గుర్తించనే లేదు. వారం తర్వాత మ్యూజియం మళ్లీ తెరిస్తే జనం తండోపతండాలుగా వచ్చారు. దేన్ని చూడ్డానికో తెలుసా? చిత్రం లేని ఖాళీ గోడని! రెండేళ్ల తర్వాత 1913 డిసెంబరులో ఫ్లోరెన్స్‌లో దొంగ దొరికాడు. మరుసటి నెలలో బొమ్మ లూవ్ర్‌కి తిరిగొచ్చింది. అప్పటికే ఆమె ప్రపంచంలోని పత్రికలన్నిటికీ ఎక్కేసింది.

గుమ్మం చిన్నది... జనం ఎక్కువ

ఇప్పుడు లూవ్ర్ అనగానే కళ్లముందు మెదిలే గాజు పిరమిడ్ 1989లో వచ్చింది. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్కిటెక్ట్ ఐ.ఎం.పెయ్ దాన్ని రూపొందించారు. విడివిడిగా ఉన్న గుమ్మాల బదులు అందరూ పిరమిడ్ కిందికి దిగి, అక్కణ్నుంచి మూడు విభాగాల్లోకీ విడిపోవాలన్నది ఆలోచన. అప్పట్లో వేసుకున్న అంచనా ఏడాదికి 40 లక్షలమంది. కానీ 2018లో కోటీ రెండు లక్షలమంది వచ్చారు. 2024లో 87 లక్షలు. అంటే అనుకున్నదానికి రెట్టింపు కన్నా ఎక్కువే. గాజు కప్పు కింద వేసవిలో ఉక్కపోత, చెవులు చిల్లులుపడే రొద.

ఈ రద్దీ అక్కడి సిబ్బందికీ తలనొప్పే. జనాన్ని అదుపు చేయలేకపోతున్నామంటూ 2019 మేలో వాళ్లు పని ఆపేశారు. 2025 జూన్ 16న మళ్లీ అదే జరిగింది. టికెట్లు చేతపట్టుకున్న వేలమంది పిరమిడ్ బయట గంటల తరబడి పడిగాపులు కాశారు. అంతకుముందే మ్యూజియం రోజుకి 30 వేలమందిని మాత్రమే అనుమతించాలని పరిమితి పెట్టుకున్నా ఒత్తిడి తగ్గలేదు.

మూడు క్యూలు... మూడు ఉపాయాలు

లూవ్ర్ దగ్గర క్యూ ఒక్కటి కాదు, మూడు. టికెట్ కోసం ఒకటి, భద్రతా తనిఖీకి ఒకటి, మోనాలిసా గదిలో మరొకటి. మొదటిది పూర్తిగా తప్పించుకోవచ్చు. రెండోది తగ్గించుకోవచ్చు. మూడోదానికి వేళ చూసుకోవాలి.

టికెట్ క్యూ తప్పాలంటే మ్యూజియం అధికారిక వెబ్‌సైట్లో ముందే కొనుక్కోవడం ఒక్కటే మార్గం. తేదీతోపాటు లోపలికి వెళ్లాల్సిన సమయమూ ఎంచుకోవాలి. ఫలానా రోజు ఫలానా వేళకు రమ్మంటూ తిరుమలలో టోకెన్లిచ్చే పద్ధతి లాంటిదే ఇది. సీజన్‌లో మంచి వేళలు త్వరగా అయిపోతాయి కాబట్టి విమానం టికెట్లు ఖరారైన వెంటనే ఈ పని చేసుకుంటే మంచిది. ఉచిత ప్రవేశం ఉన్న పిల్లలకీ, 'పారిస్ మ్యూజియం పాస్' కొన్నవాళ్లకీ కూడా సమయం బుక్ చేసుకోవాల్సిందే. 'పాస్ ఉందిగా' అనే ధీమాతో నేరుగా వెళ్లి వెనుదిరిగేవాళ్లు చాలామందే ఉంటారు.

తనిఖీ క్యూ ఎవరికీ తప్పదు. 'క్యూ లేకుండా తీసుకెళ్తాం' అని రెట్టింపు ధరకు టికెట్లు అమ్మేవాళ్లు తప్పించేది టికెట్ క్యూనే తప్ప తనిఖీని కాదు. అధికారిక సైట్లో మామూలు ధరకు కొన్నా దక్కేది అదే. తనిఖీ త్వరగా కావాలంటే చిన్న చేతిసంచితో వెళ్లాలి. 55x35x20 సెంటీమీటర్లు దాటిన పెట్టెల్ని అసలు లోపలికి రానివ్వరు. కాబట్టి హోటల్ ఖాళీ చేసి సూట్‌కేసులతో నేరుగా లూవ్ర్‌కి వెళ్లే ఆలోచన పెట్టుకోకూడదు.

ద్వారం ఎంపిక కూడా ముఖ్యమే. టూర్ బస్సులు దిగినవాళ్లలో ఎక్కువమంది ఫొటోలు దిగుతూ పిరమిడ్ దగ్గరే చేరతారు. రూ ద రివోలీ వీధిలో 99వ నంబరు దగ్గర 'క్యారూజెల్' ద్వారం ఉంది. 'పలే రోయాల్-మ్యూజే దు లూవ్ర్' మెట్రో స్టేషన్లో దిగితే భూగర్భం నుంచే అక్కడికి నడిచి వెళ్లిపోవచ్చు. దుకాణాల మధ్య నుంచి దారి కాబట్టి ఎండా వానా బాధ ఉండదు. టికెట్ ముందే ఉన్నవాళ్లకి ఇది బాగా అనువైన తోవ.

మంగళవారం వద్దు... బుధవారం సాయంత్రం ముద్దు

లూవ్ర్‌కి వారాంతపు సెలవు మంగళవారం. ఆ సంగతి తెలియక ఖాళీ ఆవరణలో ఫొటోలు దిగి వచ్చేసేవాళ్లకి కొదవలేదు. మ్యూజియం జనవరి 1, మే 1, డిసెంబరు 25 తేదీల్లోనూ తెరవరు. వేసవి సెలవుల్లో వెళ్లే మనవాళ్లు మే ఒకటిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

సోమవారం ఇంకో చిక్కు. పారిస్‌లోని మరో పెద్ద మ్యూజియం ఓర్సేకి ఆ రోజు సెలవు. దాంతో అక్కడికి వెళ్లాల్సినవాళ్లూ ఇటే వస్తారు. శని, ఆదివారాల రద్దీ సరే సరి. జులై, ఆగస్టు నెలలు, ఈస్టర్, క్రిస్మస్ సెలవులు కిటకిటలాడే కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పండగ రోజులు మినహాయిస్తే, కాస్త ఊపిరాడుతుంది.

మామూలు రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే మ్యూజియం. బుధ, శుక్రవారాల్లో మాత్రం రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. క్యూ తప్పించుకోవాలనుకునేవాళ్లకి ఈ రెండు సాయంత్రాలే వరం. ఆరు దాటాక టూర్ బృందాలు భోజనాలకో, సీన్ నది మీద పడవ షికారుకో వెళ్లిపోతాయి. హాళ్లు పలచబడతాయి. ముగించడానికి అరగంట ముందే గదులు ఖాళీ చేయించడం మొదలుపెడతారు కాబట్టి ఐదున్నర, ఆరింటికల్లా లోపలుంటే తీరిగ్గా చూడొచ్చు.

సాయంత్రం కుదరకపోతే ఉదయం తొమ్మిదింటి తొలి టికెట్ తీసుకోవాలి. తలుపులు తీయగానే డెనాన్ విభాగంలో మొదటి అంతస్తుకి, 711వ నంబరు గదికి నేరుగా వెళ్లిపోవాలి. పదకొండు నుంచి మూడింటి వరకూ ఆ గది ఛాయలకు పోకుండా ఉండటమే మేలు.

ఒక్క బొమ్మేనా?

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకి అందరూ గడియారం ముందు చేరతారు. పక్క గదులు బోసిపోతాయి. లూవ్ర్‌లోనూ అంతే. అక్కడ ప్రదర్శనలో ఉన్నవి దాదాపు 35 వేల కళాఖండాలు. జనమంతా చేరేది ఒక్కదాని దగ్గర.

తమాషా ఏమిటంటే, మోనాలిసా గదికి కూతవేటు దూరంలో గ్రాండ్ గ్యాలరీ ఉంది. 'వర్జిన్ ఆఫ్ ది రాక్స్', 'సెయింట్ ఆన్' లాంటి డావిన్సీ చిత్రాలు ఆ గోడల మీదే ఉంటాయి. అడ్డుగా తాళ్లూ బారికేడ్ల వరుసలూ లేకుండా, కావలసినంతసేపు ఎదురుగా నిలబడి చూసుకోవచ్చు. మోనాలిసా కోసం పరుగెత్తేవాళ్లు వాటిని దాటుకునే వెళ్తారు. ఆ గదిలోనే ఎదుటి గోడ మీద వెరొనీస్ గీసిన 'కానా పెళ్లివిందు' ఉంటుంది. దాదాపు పది మీటర్ల వెడల్పుతో లూవ్ర్‌లోకెల్లా అతిపెద్ద చిత్రం అదే. అంతటి చిత్రానికీ చాలామంది వీపు చూపించి నిలబడతారు.

రద్దీ వేళల్లో తలదాచుకోవడానికి రిషెల్యూ విభాగం మంచి చోటు. బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనం చెక్కిన నల్లరాతి స్తంభం, మనిషి తల ఉన్న అస్సీరియా రెక్కల ఎద్దులు, రూబెన్స్ వేసిన 24 భారీ చిత్రాల వరుస... అన్నీ ఇక్కడే. వెర్‌మీర్ గీసిన 'లేస్ అల్లే అమ్మాయి' బొమ్మ మోనాలిసాలో సగం కూడా ఉండదు. దాని ముందు ఒక్కరే నిలబడి సూదిమొన దగ్గర దారప్పోగుల్ని పరీక్షగా చూసే అదృష్టం తరచూ దొరుకుతుంది.

ఒక్కసారి బయటికొస్తే అదే టికెట్‌తో మళ్లీ లోపలికి వెళ్లనివ్వరు. కాబట్టి ముందే కడుపులో ఏదైనా వేసుకుని వెళ్లడం, నడకకు అలవాటైన చెప్పులు తొడుక్కోవడం మంచిది. పెద్దవాళ్లుంటే రెండు మూడు గంటలకి మించి ప్రణాళిక పెట్టుకోవద్దు. బయల్దేరే రోజు ఉదయం ఓసారి వెబ్‌సైట్ చూసుకోవాలి. 2025 అక్టోబరు 19న పట్టపగలు రాచనగల దొంగతనం జరిగినప్పుడూ, ఆ డిసెంబరులో సమ్మె జరిగినప్పుడూ మ్యూజియం ఉన్నట్టుండి మూతపడింది.

ఈ కష్టాలకు శాశ్వత పరిష్కారం చూపిస్తామని ఫ్రాన్స్ అధ్యక్షుడు మేక్రాన్ 2025 జనవరిలో మోనాలిసా ఎదుటే ప్రకటించారు. 2031 నాటికి తూర్పు వైపున కొత్త ద్వారం, మోనాలిసాకి విడిగా ఓ గది, దానికి వేరే టికెట్ ఉంటాయన్నది ప్రణాళిక. అంతవరకూ క్యూని తగ్గించుకునే తెలివి సందర్శకుల చేతుల్లోనే ఉంది. మోనాలిసాకి ఐదు నిమిషాలు కేటాయించి, మిగిలిన పూటంతా మిగతా గదులకిస్తే టికెట్ డబ్బులకు పూర్తి న్యాయం జరిగినట్టే!