పాలు మానిన పిల్లకు చెంచాడు నీళ్లు!

పసిబిడ్డ చేత పాలు మాన్పించడానికి పల్లెల్లో తల్లులు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. రొమ్ముకు వేపాకు ముద్ద రాస్తారు. మెత్తగా పిసికిన అన్నం బతిమాలి తినిపిస్తారు. నెలలు పడుతుంది. మరి ఎలుక తల్లికో? మూడంటే మూడు వారాలు!

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో జనగామ జిల్లాలోకి వెళ్లిన పాలకుర్తి వైపు వరి పండించే రైతుకు ఎలుక అంటే ఒళ్లు మంట. గట్టుకు కన్నం వేస్తుంది, పంట కొరికేస్తుంది. అయితే ఆ కలుగులో పుట్టిన పిల్లకు నీటి కరవు మాత్రం ఉండదు. పచ్చి వరికాడ కొరికితే తేమ, పక్కనే మడి. ఎవరూ గిన్నె పెట్టక్కర్లేదు.

అక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థది ఎలుకలతో దశాబ్దాల అనుబంధం. ప్రయోగశాల ఎలుకకు మడీ లేదు, మంచు బిందువూ లేదు. పంజరం మీద తలకిందులుగా పెట్టిన సీసా, దానికో సన్నని గొట్టం... దాని ప్రాణం అక్కడే ఉంటుంది.

జొన్న గటక కథ

ఈ సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ చేతుల మీదుగా మొదలైంది. 1958లో హైదరాబాద్ వచ్చింది. జొన్నే ప్రధానంగా తినే దక్కన్ పేదల్లో పెలాగ్రా ఎందుకు వస్తోందన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొరలు లేచే జబ్బది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. లూసిన్ ఎక్కువైతే ఒంట్లో ఏమవుతుందో తర్వాత ఎలుకల్లోనూ పరీక్షించారు. గటక తాగి పెరిగిన తెలంగాణ పల్లెల ప్రశ్నకు జవాబు వెతకడంలో ఎలుకలూ ఓ చెయ్యి వేశాయన్నమాట.

పప్పుదినుసుల్లో, గింజల్లో మాంసకృత్తులు ఎంత మేలైనవో తేల్చే పాత పద్ధతి ఒకటుంది. దానికి కావలసింది సరిగ్గా అప్పుడే పాలు మానిన ఎలుక పిల్లలే. నాలుగు వారాలు పరీక్ష తిండి పెడతారు. ఎన్ని గ్రాముల మాంసకృత్తులు తింటే ఎన్ని గ్రాముల బరువు పెరిగిందో లెక్క కడతారు. ఇక్కడే ఉంది చిక్కు. దప్పికతో ఉన్న ఎలుక పొడి మేత ముట్టదు. బరువు పెరగదు. సీసా గొట్టం మొరాయించిన పాపానికి నేరం కందిపప్పు మీద పడుతుంది!

పదిహేడో రోజు నుంచి...

ఎలుక పిల్ల పుట్టినప్పుడు అయిదారు గ్రాములు. రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది. పదహారు, పదిహేడు రోజులకు అమ్మ తినే మేత రుచి చూస్తుంది, నీళ్ల కోసం వెతుకుతుంది. అప్పటిదాకా దాని నీరంతా పాలలోనే. ఇందులో ఓ తమాషా ఉంది. పిల్లల్ని నాకి శుభ్రం చేస్తూ వాటి మూత్రాన్ని తల్లే తాగేస్తుంది. పాలుగా ఇచ్చిన నీటిలో చాలా భాగం అలా తిరిగి తల్లికే చేరుతుంది. ఎంత పొదుపరి ఇల్లాలో!

ఇరవై ఒకటో రోజున తల్లి నుంచి వేరు చేసేసరికి ఈ ఏర్పాటు ఒక్కసారిగా తెగిపోతుంది. మూత్రాన్ని చిక్కబరిచి నీటిని మిగుల్చుకునే శక్తి పిల్ల మూత్రపిండాలకు అప్పుడప్పుడే వస్తుంటుంది. నలభై గ్రాముల పిల్లకు రోజుకు కావలసింది నాలుగైదు మిల్లీలీటర్లు. అంటే చిన్న చెంచాడు. అదే దొరక్కపోతే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, వీపు గూనిలా వంగుతుంది, చర్మం పట్టుకు వదిలితే మడత వెంటనే పోదు. ఆ తర్వాత ఎంతోసేపు పట్టదు.

అందుకే గొట్టం కొసను పిల్ల నోటికి అందే ఎత్తులో ఉంచాలి. తల్లితో ఉండగానే అలా పెడితే అమ్మను చూసి నేర్చుకుంటాయి. వేరు చేశాక తోబుట్టువులను కలిపే ఉంచితే ఒకటి తాగడం చూసి మరొకటి తాగుతుంది. మొదటి రోజుల్లో మేతను నీళ్లలో నానబెట్టి కింద కాస్త పెట్టడమూ మంచిదే. అయితే పులిసిపోకముందే తీసెయ్యాలి. గొట్టం మరీ కిందికి దిగితే ఇంకో ప్రమాదం. కింద పరిచిన ఊక తగిలిందంటే దీపం వత్తి నూనె పీల్చినట్టు సీసా అంతా పీల్చేస్తుంది. పక్క తడుస్తుంది, పిల్లలు చలికి బిగుసుకుపోతాయి, తాగడానికేమో చుక్క ఉండదు. ఇంట్లో తెల్లెలుకలు పెంచుకునే పిల్లలూ ఇది గుర్తుపెట్టుకోవచ్చు.

సీసా నిండుగా కనబడితే నీళ్లున్నట్టే అనుకోవడానికీ లేదు. లోపల గాలిబుడగ అడ్డుపడినా, కొసన ఉన్న గోళీ బిగుసుకున్నా చుక్క రాదు. తెల్లారి చూసేసరికి సీసాలో నీళ్లు తగ్గలేదా, మేత పెట్టింది పెట్టినట్టే ఉందా... ముందు అనుమానించాల్సింది గొట్టాన్నే. కొసను వేలితో తట్టాలి. వేలు తడిసిందా, పిల్లలు తాగుతాయి. లేదంటే సీసా అప్పటికప్పుడు మార్చాలి.