మొక్కకూ ఉంది స్టెరాయిడ్

స్టెరాయిడ్ అనే మాట వినగానే మనకు ఆయాసానికి డాక్టరుగారు రాసే మాత్రలో, ఆటగాళ్లు చాటుగా వాడే మందులో గుర్తుకు వస్తాయి. కాని మన చేలోని పైరులో కూడా స్టెరాయిడ్ హార్మోను ఉన్నదంటే చాలామంది ఆశ్చర్యపోతారు.

మన శరీరంలోని కణాల పొరలకు కొలెస్టరాల్ అవసరం. మొక్కలలో ఆ పనిని ముఖ్యంగా సైటోస్టెరాల్ వంటి స్టెరాల్స్ చేస్తాయి. మన శరీరం కొలెస్టరాల్ నుండి కొన్ని హార్మోన్లను తయారుచేసుకొన్నట్లే, మొక్క కాంపెస్టెరాల్ అనే మరొక స్టెరాల్ నుండి తన హార్మోనును తయారుచేసుకొంటుంది.

దీని జాడ పుప్పొడిలో దొరికింది. ఆవాల జాతికి చెందిన రేప్ మొక్క పుప్పొడి నుండి తీసిన సారం పూస్తే చిక్కుడు మొలకల కాడలు త్వరగా సాగుతున్నాయని 1970లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ సారంలో ఏమున్నదో తేలడానికి తొమ్మిదేళ్లు పట్టింది. తేనెటీగలు మోసుకొచ్చిన 227 కిలోల పుప్పొడిని శుద్ధి చేయగా చివరకు మిగిలింది 4 మిల్లీగ్రాములు! ఒక బియ్యపు గింజంత బరువైనా లేదు. 1979లో దానికి బ్రాసినోలైడ్ అని పేరు పెట్టారు. 1987లో ఇటువంటి పదార్థాలనే మంచినీటిలో వలవలె అల్లుకొనే ఒక ఆకుపచ్చ నాచులోనూ జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఇంత స్వల్పమైనది నిజంగా మొక్కకు అవసరమా అన్న సందేహానికి 1996లో జవాబు దొరికింది. ఈ హార్మోను తయారుచేసుకోలేని చిన్న మొక్కలు ముడుచుకొని మరుగుజ్జులుగా ఉండిపోయాయి. బయటి నుండి బ్రాసినోలైడ్ అందించగానే మామూలుగా ఎదిగాయి.

అలాగని పొడవుగా ఎదగడమే మేలు అనుకోరాదు. జపానులో సాగుచేసిన ఉజు అనే పొట్టి బార్లీ ఈ హార్మోను సంకేతాన్ని సరిగా అందుకోలేదు. అందుకే అది పొట్టిగా ఉండి, గాలికి సులభంగా పడిపోదు.

ఈ జాతి మందులను మన దేశంలోనూ ద్రాక్ష మొదలైన పంటలపై పిచికారీకి అమ్ముతున్నారు. రైతు సోదరులు ఒక సంగతి మరువరాదు. ఇది ఎరువు కాదు. నీరు, పోషకాలు లేని చేనుకు ఇది వాటి లోటు తీర్చలేదు. మోతాదు మించితే వేళ్ల ఎదుగుదల కుంటుపడవచ్చు. కాబట్టి అప్పు చేసి సీసా కొనే ముందు వ్యవసాయాధికారిని అడగండి. సీసాపై రాసిన మోతాదు చదవండి, చదువురానివారికి పిల్లలచేత చదివించండి. మొక్క తనకు కావలసినంతే తయారుచేసుకొంటుంది. మనము కూడా ఆ కొలత పాటిస్తే పంటకూ మేలు, ఇంటికీ మేలు.