నీళ్లలోంచి పైకి వచ్చాక మొదలయ్యే నొప్పి



2020 డిసెంబరులో మన ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, కళ్లు తిరిగి పడిపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. డాక్టర్లు రోగిని చూసి ఊరుకోలేదు. ఏ నీళ్లు తాగారు, ఏం తిన్నారు అని అడిగారు. నీటిని, కూరగాయలను, రక్తాన్ని పరీక్షకు పంపారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. పురుగుమందుల మీదా నిపుణులు అనుమానం వ్యక్తం చేశారు. కారణం తెలియని జబ్బు వచ్చినప్పుడు, అంతకుముందు ఆ మనిషి ఏం చేశాడన్నది కూడా ఒక పరీక్షేనని మనకు అప్పుడే అర్థమైంది.

అలా అడిగితే తప్ప బయటపడని మరో జబ్బు గురించి ఇక్కడ చెప్పదలిచాం. ఇది వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మళ్లీ మళ్లీ మునిగేవారికి వస్తుంది. దీన్ని డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. వాడుకలో ‘బెండ్స్’ అంటారు.

మనకెందుకు ఈ సంగతి?

కొల్లేటి లంకల్లో, చేపల చెరువు గట్ల మీద పెరిగిన వాళ్లకు ఈత ఒకరు నేర్పనక్కర్లేదు. ఆ ఈతే రేపు ఉద్యోగం కావచ్చు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి తీసింది. ఆ పనిలో విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటి అడుగుకు దిగారు. 2025 జులై 18న నౌకాదళంలో చేరిన డైవింగ్ నౌక ఐఎన్ఎస్ నిస్తార్ విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారైంది. రుషికొండలో స్కూబా డైవింగ్ ఉంది. తాడేపల్లిగూడెంలో రైలెక్కి విశాఖ వెళ్లే మన పిల్లల్లో ఎవరో ఒకరు ఈ పనిలో చేరకపోరు.

ఎందుకు వస్తుంది?

ఇంటర్‌లో చదివిన హెన్రీ నియమమే ఇది. పీడనం పెరిగితే ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుంది. గోలీ సోడా చూడండి. గోలీ బిగిసి ఉన్నంతసేపు సీసాలో ఒక్క బుడగ కనిపించదు. గోలీ నొక్కగానే బుస్సున పొంగుతుంది.

నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 20 మీటర్ల లోతులో డైవరు మీద ఉండే పీడనం గట్టు మీద కంటే మూడు రెట్లు. అంత పీడనంలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. గబుక్కున వస్తే ఒంట్లోనే బుడగలు కడుతుంది.

కొల్లేరులో మునిగి లేచే మన నాన్నలకు ఈ జబ్బు ఎందుకు రాలేదు? కొల్లేరు లోతు తక్కువ. 2 మీటర్ల నీటిలో పెరిగే పీడనం ఐదో వంతే. పైగా వాళ్లు పీల్చేది గట్టు మీద ఒక్క ఊపిరి. సిలిండరు గాలిని లోతులో గంటసేపు పీల్చడం వేరు.

రెండోసారి, మూడోసారి దిగితే ప్రమాదం ఎందుకు ఎక్కువ? పెద్ద మోటారుతో చెరువు నింపి, చిన్న తూముతో ఖాళీ చేస్తున్నామనుకోండి. సగం కూడా తగ్గకముందే మళ్లీ మోటారు వేస్తే నీరు గట్టు దాటుతుంది. నత్రజని సంగతీ అంతే.

ఈ జబ్బు వంతెన పనుల్లోనూ కనిపించింది. నది అడుగున, ఒత్తిడి గాలి నింపిన గదుల్లో పునాదులు తవ్విన కూలీలు పైకి వచ్చాక నొప్పితో వంగిపోయేవారు. ‘బెండ్స్’ అన్న పేరు అలా వచ్చిందే. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కట్టిన ఇంజనీరు రోబ్లింగ్ కూడా 1872లో దీనితో మంచం పట్టారు. 1908లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద ప్రయోగాలు చేసి, మధ్య మధ్య ఆగుతూ పైకి రావాలని లెక్కలు కట్టి చూపారు.

ఎలా గుర్తించాలి?

భుజం, మోచేయి, మోకాలు లోలోపల సలపడం, విపరీతమైన నీరసం, ఒంటిపై దురద, మచ్చలు, తిమ్మిరి, కళ్లు తిరగడం. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు పట్టు తప్పుతాయి, మూత్రం బిగుస్తుంది. ఇవి చాలామందిలో 6 గంటల్లోపు, దాదాపు అందరిలో 24 గంటల్లోపు మొదలవుతాయి. తలనొప్పి, వాంతి మాత్రమే ఉంటే సిలిండరులోకి ఇంజను పొగ చేరిందేమోనని కూడా చూడాలి.

నియమాలన్నీ పాటించినవారికీ ఒక్కోసారి వస్తుంది. సుమారు నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న దారి పూర్తిగా మూసుకోదు. బుడగలు ఆ దారిన ఊపిరితిత్తులను తప్పించుకుని మెదడు వరకూ వెళ్లగలవు. కాబట్టి “నేను తప్పు చేయలేదు, నాకెందుకు వస్తుంది?” అనుకోకూడదు.

ఏం చేయాలి?

1. వెంటనే పడుకోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టించాలి. 108కి ఫోన్ చేయాలి.
2. నొప్పి తగ్గుతుందని మళ్లీ నీటిలోకి దిగకూడదు. అసలు వైద్యం పీడన గదిలోనే జరుగుతుంది.
3. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా డాక్టరుకు చూపించాలి.
4. ఒకసారి దిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవారు 18 గంటలు విమానం ఎక్కకూడదు. పొద్దున రుషికొండలో డైవింగ్, సాయంత్రం అరకు అని ప్లాను వేసుకోవద్దు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి బుడగలు పెరుగుతాయి.

చివరిగా ఒక మాట. హాస్టల్లో జ్వరం వచ్చినా, ఇంటికి పంపేస్తారని వార్డెన్ గారికి చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకోవడం మనలో చాలామందికి అలవాటు. రేపు పనిలో చేరాక, కూలి పోతుందని నొప్పి దాచడం కూడా ఆ అలవాటే. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే జవాబు చెప్పే పెద్దలు మన వెనుక ఉండరు. మనమే చెప్పాలి. మోకాలి నొప్పి అని చెప్పి ఆగితే నొప్పి మాత్ర ఇచ్చి పంపుతారు. “నిన్న సముద్రంలో మూడుసార్లు దిగాను, ఇంత లోతుకు, ఇంతసేపు” అని చెబితే ఆ మాటే కాళ్లను కాపాడుతుంది. చదువు మనకు ఇచ్చిన ధైర్యం ఇందుకు కూడా పనికి రావాలి.