గుడ్డు పెంకు దొరికింది సరే... పెట్టిన డైనోసార్ ఏది?

ఈరోజు ప్రశ్న వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. మీ చేతిలో గోరంత గుడ్డు పెంకు ముక్క ఉంది. అది రాయిలా మారి కోట్ల ఏళ్లయింది. దాన్ని పెట్టిన డైనోసార్ పేరు చెప్పగలరా? నిజం చెప్పాలంటే సైంటిస్టులు కూడా చాలాసార్లు చెప్పలేరు. ఎందుకో చూద్దాం.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూసే ఉంటారు. అది గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికింది. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. అక్కడ ఎముకలున్నాయి కాబట్టి పేరు పెట్టడం కుదిరింది. గుడ్ల కథ వేరు.

మన దేశంలో డైనోసార్ గుడ్లు ఎక్కువగా గుజరాత్, మధ్యప్రదేశ్‌లలోని లమేటా రాళ్లలో దొరుకుతాయి. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు దొరికాయని 2023లో హర్ష ధీమాన్, గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ టీమ్ ప్రకటించింది. గుడ్డు సైజు 15 నుంచి 17 సెంటీమీటర్లు. వాటిలో 6 రకాలున్నాయని తేల్చారు.

అంటే 6 జాతుల డైనోసార్లా? ఆగండి, ఇక్కడే ఉంది అసలు చిక్కు.

పెంకును పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెడతారు. మందం ఎంత, పైన బొడిపెలు ఎలా ఉన్నాయి, గాలి రంధ్రాలు ఏ ఆకారంలో ఉన్నాయి, కాల్సైట్ స్ఫటికాలు ఎలా పేర్చుకున్నాయి అని చూస్తారు. ఆ డిజైన్‌ని బట్టి గుడ్డుకే ఒక పేరు ఇస్తారు. 'మెగాలూలిథస్' అలాంటి పేరే. అది గుడ్డు పేరు, తల్లి పేరు కాదు!

సోషల్ మీడియా యూజర్‌నేమ్ లాంటిది అనుకోండి. ఒకే మనిషికి రెండు అకౌంట్లు ఉండొచ్చు, ఒకే అకౌంట్‌ని ఇద్దరు వాడొచ్చు. అలాగే దగ్గరి చుట్టాలైన రెండు జాతుల పెంకులు ఒకేలా ఉండొచ్చు. ఒకే గుడ్డులో కొనవైపు పెంకు, మధ్య పెంకు కొంచెం తేడాగా ఉండొచ్చు. వాననీళ్లకి పైపొర అరిగిపోతే మందం లెక్క కూడా మారిపోతుంది.

తొందరపడితే ఏమవుతుందో మంగోలియా కథ చెబుతుంది. 1920లలో అక్కడ దొరికిన గుడ్లు ప్రోటోసెరాటాప్స్‌వే అనుకున్నారు. ఆ గుడ్ల మీద దొరికిన ఇంకో డైనోసార్‌కి 1924లో 'ఓవిరాప్టర్' అని పేరు పెట్టారు. అంటే గుడ్ల దొంగ! 1990లలో అదే రకం గుడ్డులో పిండం ఎముకలు దొరికాయి. చూస్తే అది ఓవిరాప్టర్ కుటుంబానిదే. పాపం, దొంగ అన్నది తల్లినే అన్నమాట. పేరు మాత్రం ఇప్పటికీ అలాగే ఉండిపోయింది.

అంటే గట్టి సాక్ష్యం లోపలి పిండమే. అర్జెంటీనాలోని ఔకా మహువెవోలో 1997లో బయటపడ్డ గుడ్లలో టైటానోసార్ పిండాలున్నాయి. ఆ పెంకుల డిజైన్ మన మెగాలూలిథస్‌కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి మనవి కూడా టైటానోసార్ గుడ్లే అంటున్నారు. ఇంటిపేరు తెలిసింది, అసలు పేరు తెలియలేదు. మన దేశంలో ఎముకల ద్వారా బాగా తెలిసిన టైటానోసార్లు ఇసిసారస్, జైనోసారస్ లాంటివి కొన్నే. 6 రకాల గుడ్లను వాటికి ఎలా పంచుతాం? ఎముకలు చూపించిన దానికంటే ఎక్కువ రకాలు ఇక్కడ బతికి ఉండొచ్చు అని ధార్ టీమ్ అంటోంది.

పిల్ల ఎముకలు దొరికినా పని ఈజీ కాదు. గుజరాత్‌లో ఒక గూటి దగ్గర దొరికిన ఎముకలన్నీ డైనోసార్ పిల్లవే అని 1987లో రాశారు. తర్వాత జాగ్రత్తగా చూస్తే అందులో కొన్ని పామువి! పిల్లల్ని తినడానికి వచ్చిన ఆ పాముకి 2010లో 'సనాజే' అని పేరు పెట్టారు.

ఇదంతా ఎందుకు ముఖ్యం? డైనోసార్లు అంతరించే ముందు మన నేల మీద ఎన్ని రకాలు ఉండేవో తెలియాలంటే ఈ లెక్క తేలాలి. అందుకే అలాంటి చోటికి వెళ్తే పెంకు ముక్కని జేబులో వేసుకోకండి. ఏ పొరలో, ఏ గూటిలో, ఏ ఎముక పక్కన ఉందన్నదే దాని అడ్రస్. ఫోటో తీసి, అక్కడే వదిలేసి, జియాలజీ వాళ్లకి చెప్పండి.

అన్నట్టు, కైలాసగిరి మీద గుండ్రటి రాయి కనిపిస్తే మాత్రం ఎగ్జైట్ అవకండి. మన కొండల ఖొండలైట్ రాయి డైనోసార్ల కంటే చాలా పాతది. అందులో గుడ్లు దొరకవు!

డౌట్లుంటే కామెంట్ చేయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.